బండి దిగబడితే గుంజే వించ్: కొనడం నుంచి కాపాడుకోవడం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు వైపు థార్లు, జిమ్నీలు, పాత జీపులు నడిపేవాళ్ళు నన్ను అడిగేవి ఎప్పుడూ ఈ ప్రశ్నలే. వించ్ అంటే బండి ముందు బిగించే, తాడు చుట్టిన డ్రమ్ము. తాడు చివర చెట్టుకు కట్టి బటను నొక్కితే, బ్యాటరీతో నడిచే మోటరు ఆ తాడును చుట్టుకుంటూ బండిని బయటికి గుంజుతుంది. వానాకాలం మొదలైతే ఫోన్లు ఎక్కువవుతాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## కొనే ముందు

మా ఊర్లో ఇంటికో ట్రాక్టరు ఉంది. మళ్ళీ వించ్ ఎందుకు?

మీరు తిరిగేది ఊరి పొలిమేర లోపలే అయితే నిజంగానే అక్కర్లేదు. ఒక మంచి బెల్టు, దాన్ని తగిలించే రెండు షాకిళ్ళు (పిన్నుతో మూసే ఇనుప కొక్కేలు) కొని బండిలో పడేసుకోండి, డబ్బులు మిగులుతాయి. ట్రాక్టరు రాని చోట్లకు పోయేవాళ్ళకే వించ్ కావాలి: దేవరకొండ అవతలి గుట్టలు, రాత్రిపూట డిండి వాగు ఇసుక, సోమశిల వైపు కృష్ణ ఒడ్డు. ఇంకో తేడా కూడా ఉంది. ట్రాక్టరు జర్కు ఇచ్చి గుంజుతుంది. ఆ ఊపుకు బంపరు ఊడి చేతికొచ్చిన బండ్లను చూశాను. వించ్ నిమిషానికి రెండు మూడు మీటర్ల చొప్పున నిదానంగా లాగుతుంది, ఏదైనా తేడా వస్తే వేలు తీస్తే చాలు ఆగిపోతుంది.

నా బండికి ఎన్ని పౌండ్ల వించ్ సరిపోతుంది?

మనుషులు, సామాను, నిండు ట్యాంకుతో కలిపి బండి బరువెంతో చూసి, దాన్ని ఒకటిన్నరతో గుణించండి. జిమ్నీ పూర్తి లోడుతో 1,545 కిలోలు. ఒకటిన్నర రెట్లంటే సుమారు 2,320 కిలోలు, అంటే 5,100 పౌండ్ల పైచిలుకు. దానికి 6,000 పౌండ్లది చాలు, 8,000 అయితే నిశ్చింత. థార్ సామానుతో రెండున్నర టన్నులు అనుకుంటే 3,750 కిలోలు కావాలి. 9,500 పౌండ్ల వించ్ అంటే 4,300 కిలోలు కాబట్టి అది సరిపోతుంది.

ఇది గట్టి నేల లెక్క. మన దగ్గర దిగబడేది దమ్ము చేసిన పొలంలో, నల్లరేగడిలో, చెరువు శిఖంలో. చక్రాల నడుమ దాకా దిగితే బురద పట్టే పట్టు దాదాపు బండి బరువంత ఉంటుంది. మడ్‌గార్డుల దాకా దిగితే దానికి రెట్టింపు. మిలిటరీవాళ్ళు బండ్లు బయటికి తీసేటప్పుడు వాడే మోటు లెక్క ఇది. రెండున్నర టన్నుల థార్ మడ్‌గార్డుల దాకా కూరుకుపోతే ఐదు టన్నుల పట్టు, ఏ 9,500 వించూ ఒంటి తాడుతో దాన్ని లాగలేదు. అలాగని 12,000 పౌండ్లది కొనేయకండి. బరువు ముందు ఇరుసు మీద పడుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది. 9,500 కొని, మిగిలిన డబ్బుతో ఒక గిరక, ఒక పార కొనుక్కోండి.

డబ్బా మీద 9,500 అని ఉంది, అంత గుంజదంటున్నారు. మోసమా?

మోసం కాదు, సగమే చెప్పిన నిజం. ఆ అంకె డ్రమ్ము మీద తాడు ఒకే పొర ఉన్నప్పటిది. పొర మీద పొర పడేకొద్దీ డ్రమ్ము లావవుతుంది, లాగే బలం తగ్గుతుంది. నాలుగో పొర దగ్గర మూడింట రెండు వంతులు కూడా మిగలకపోవచ్చు. చెట్టు దగ్గర్లోనే ఉందని సంబరపడి నాలుగు మీటర్ల తాడు వదిలి గుంజితే, పనిచేసేది ఆ బలహీనమైన పై పొరే. వీలైనంత దూరపు చెట్టును పట్టుకోండి.

వైరు రోపు మంచిదా, సింథటిక్ తాడు మంచిదా?

మన నేలనుబట్టి చూస్తే రెండింటికీ కష్టాలున్నాయి. ఎనిమిది మిల్లీమీటర్ల ఉక్కు తాడు 28 మీటర్లు ఏడెనిమిది కిలోలు తూగుతుంది. గుండ్ల మీద రాసుకున్నా తట్టుకుంటుంది, ఎండకు ఏమీ కాదు. కానీ తెగితే పాములా ఎగిరివస్తుంది. తెగిన పోగులు చేతుల్లో దిగుతాయి, గ్లౌజులు లేకుండా ముట్టుకోరాదు. సింథటిక్ తాడు రెండు కిలోల లోపే ఉంటుంది, నీళ్ళలో తేలుతుంది, తెగినా అంత ఊపుతో ఎగరదు. కానీ దానికి మూడు శత్రువులు: రాయి, ఎండ, వేడి. ఈ పోగు దాదాపు 150 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే బలం కోల్పోతుంది. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది కాబట్టి ఆ వేడి నేరుగా తాడు మొదటి పొరకు తగులుతుంది.

పొలాలు, చెరువులు, ఒండ్రు ఎక్కువగా తొక్కేవాళ్ళకు సింథటిక్ చెప్తాను. రాచకొండ గుట్టల్లాంటి రాళ్ళల్లో తిరుగుతూ బండిని ఏడాదంతా ఎండలో నిలిపేవాళ్ళకు ఉక్కే నయం. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే ముందున్న ఫెయిర్‌లీడ్ (తాడు బయటికొచ్చే చోట దాన్ని నడిపించే భాగం) కూడా మార్చాలి. ఉక్కు గీతలు పెట్టిన రోలర్ల మీద సింథటిక్ వేస్తే రంపం మీద వేసినట్టే. దానికి రోలర్లు లేని, నున్నటి అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్ ఉండాలి.

చవక వించ్‌కీ ఖరీదైనదానికీ తేడా ఎక్కడుంటుంది?

బయటికి కనిపించని చోట. మొదట మోటరు. పర్మనెంట్ మాగ్నెట్ మోటరు కరెంటు తక్కువ తాగుతుంది, కానీ తొందరగా వేడెక్కుతుంది. అయస్కాంతాల బదులు తీగ చుట్లుండే సిరీస్ వౌండ్ మోటరు కరెంటు ఎక్కువ తాగినా బరువు లోడును ఓర్చుకుంటుంది. రెండోది నీళ్ళు, దుమ్ము లోపలికి పోకుండా వేసే సీళ్ళు. మూడోది కంటాక్టరు, అంటే మోటరుకు కరెంటు వదిలే పెద్ద స్విచ్. బోరు స్టార్టర్లో కంటాక్టు పాయింట్లు కాలితే ఏమవుతుందో మన రైతులకు చెప్పనక్కర్లేదు, ఇక్కడా అదే కథ. నా మాట అడిగితే, విడిభాగాలు దొరికే మధ్యరకం కొనండి. మోటరు కాలితే మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో వైండింగ్ షాపాయన ఏదో ఒకటి చేస్తాడు. బ్రేకు పళ్ళెం, గేరు పోతే మాత్రం భాగం దొరక్క వించ్ మొత్తం పాత ఇనుప సామాన్లోకి పోతుంది.

చేత్తో గుంజే పుల్లర్ సరిపోదా?

ఏడాదికి ఒకటి రెండుసార్లు దిగబడేవాళ్ళకు సరిపోతుంది. బ్యాటరీతో పని లేదు, ముందుకైనా వెనక్కైనా లాగొచ్చు. ఏప్రిల్ మధ్యాహ్నం దాని పిడి అరగంట ఆడించాక మీకే తెలుస్తుంది కావాలో వద్దో.

## బిగించేటప్పుడు

వించ్ బిగిస్తే పోలీసులు, ఆర్టీఏవాళ్ళు ఆపుతారా?

గొడవ వించ్‌తో కన్నా దాన్ని మోసే ఇనుప బంపరుతో వస్తుంది. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు లేఖ రాస్తూ, బుల్ బార్లు, క్రాష్ గార్డులు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమనీ, బిగించినవాళ్ళ మీద చర్య తీసుకోవాలనీ చెప్పింది. ముందుకు పొడుచుకొచ్చే ఇనుము నడిచేవాళ్ళకు ప్రమాదం, ఎయిర్‌బ్యాగు సెన్సర్లు పనిచేసే తీరు కూడా దెబ్బతింటుంది. కంపెనీ బంపరు వెనక దాగి, ఛాసిస్‌కు బోల్టులతో పట్టే ప్లేటు మీద పెట్టించుకోవడమే తెలివి. వెల్డింగు షాపులో పైపు వంచి చేయించే బంపరు జోలికి పోకండి. నాలుగు టన్నుల లాగుడుకు వెల్డింగు అతుకు విడిపోతే వించే మీ మీదికి వస్తుంది.

బ్యాటరీ పెద్దది వేయాలా? డైనమో సరిపోతుందా?

9,500 వించ్ పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. డైనమో ఇచ్చేది సుమారు 100. మిగతా 300 బ్యాటరీ ఇవ్వాలి. డైనమో ఎంత పెద్దదైనా ఈ తేడా పూడదు, అందుకే మంచి బ్యాటరీ ముఖ్యం. 65 ఆంపియర్-అవర్ల పైన ఉండి, మూడేళ్ళ లోపుదైతే ఒక్క వించ్‌కు రెండో బ్యాటరీ అక్కర్లేదు. లాగుతున్నంతసేపూ ఇంజను నడుస్తూ ఉండాలి, యాక్సిలరేటరు కొద్దిగా పట్టి ఉంచాలి. ఇంజను ఆపి వించ్ నడిపితే బండి బయటికొస్తుందేమో గానీ సెల్ఫ్ కొట్టదు.

వైరింగ్ చేయించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ప్లస్, మైనస్ రెండూ నేరుగా బ్యాటరీ దాకా రావాలి. మైనస్‌ను ఛాసిస్‌కు కొట్టి వదిలేసే మెకానిక్కులు ఉన్నారు, ఒప్పుకోకండి. వైరు 35 చదరపు మిల్లీమీటర్ల రాగిది, తక్కువ కాకుండా. బ్యాటరీ దగ్గర ఒక ఐసోలేటరు స్విచ్ తప్పనిసరి. కంటాక్టరు అతుక్కుపోతే రిమోట్ వదిలేసినా వించ్ ఆగదు, అప్పుడు ఆపగలిగేది ఆ స్విచ్ ఒక్కటే. దాన్ని బానెట్ తెరవకుండా అందే చోట పెట్టించండి.

కొత్త తాడు చుట్టుకునే వచ్చింది. అలాగే వాడేయొచ్చా?

వద్దు. కంపెనీలో వదులుగా చుట్టి పంపుతారు. మొదటిసారి గట్టిగా లాగగానే పై పొర కింది పొరల మధ్య చొరబడి ఇరుక్కుంటుంది, తాడు నలిగిపోతుంది. మెల్లగా ఎత్తెక్కే ఖాళీ రోడ్డు చూసుకుని, తాడు మొత్తం విప్పి (ఉక్కుకు ఐదు చుట్లు, సింథటిక్‌కు ఎనిమిది నుంచి పది చుట్లు డ్రమ్ము మీదే ఉంచాలి), చివర ఒక చెట్టుకు కట్టండి. బండిలో ఒకరు కూర్చుని బ్రేకు కొద్దికొద్దిగా పడుతుండగా బండి తనను తాను గుంజుకుంటూ పోవాలి. చుట్టు పక్కన చుట్టు, దారపు ఉండలా. ఒక సాయంత్రం పని.

## బండి దిగబడ్డాక

దిగబడగానే మొదట ఏం చేయాలి?

యాక్సిలరేటరు మీంచి కాలు తీయండి. చక్రం తిరిగిన ప్రతి తిరుగుడుకూ ఇంకో అంగుళం లోపలికి. దిగి చూడండి: ఇరుసు కింద మట్టి ఆనిందా, ఏ పక్క లోతు. పారతో చక్రాల ముందున్న మట్టి వాలుగా తీయండి. పది నిమిషాల పార పని వించ్ మీద టన్ను బరువు తగ్గిస్తుంది. టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా దించి చూడండి, ఇసుకలో చాలాసార్లు దానికే బండి బయటపడుతుంది. అప్పటికీ కదలకపోతేనే తాడు విప్పండి.

చుట్టూ పత్తి చేనే, ఒక్క చెట్టు లేదు. దేనికి కట్టాలి?

నల్లరేగడిలో వచ్చే అసలు తిప్పలు ఇవే. ఇంకో బండి ఉంటే దాన్ని గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, దాని ఛాసిస్ కొక్కేనికి కట్టండి. అదీ లేకపోతే స్టెప్నీని పాతిపెట్టాలి. లాగే దిక్కుకు అడ్డంగా మూడు నాలుగు అడుగుల లోతు గొయ్యి తీసి, టైరుకు బెల్టు చుట్టి నిలువుగా దించి, బెల్టు బయటికొచ్చే దారిని వాలుగా చెక్కి, మట్టి పూడ్చి తొక్కాలి. గడ్డపార, పార ఉంటే ఇద్దరికి గంట పని. పాలమూరు మట్టి పని చేసిన చేయి పక్కనుంటే అరగంట. ఊరికే గడ్డపార పాతి కట్టకండి, వంగి ఊడివస్తుంది.

గుట్టల వైపు ఈ బాధ లేదు, పెద్ద గుండు ఏదైనా పట్టుకుంటుంది. కానీ దాని అంచు బెల్టును కోస్తుంది, గోనెసంచులు మడిచి మధ్యలో పెట్టండి. కాలితో తోస్తే కదిలే గుండు ఎంత పెద్దదైనా వదిలేయండి.

తాటిచెట్టుకు కట్టొచ్చా? కరెంటు స్తంభానికి?

స్తంభానికి ఎప్పుడూ వద్దు. సిమెంటు స్తంభం పక్కకు లాగితే విరుగుతుంది, పైన తీగలుంటాయి. తాటి, ఈత చెట్లు ఎవరో ఒకరి బతుకుదెరువు, గీసే గౌడన్నను అడగకుండా ముట్టుకోకండి. వేప, చింత, ముదురు తుమ్మ మంచివి. ఏ చెట్టుకైనా వెడల్పాటి బెల్టే వేయాలి, నేలకు దగ్గరగా, మొదట్లో. వైరు రోపు నేరుగా చుట్టి కొక్కెం దానికే తగిలిస్తే చెట్టు బెరడూ పోతుంది, మీ తాడూ మెలిపడుతుంది.

గిరక వేస్తే ఏం లాభం?

మోట బావి చూసినవాళ్ళకు వివరం అక్కర్లేదు. తాడు చెట్టు దగ్గరున్న గిరకలోంచి తిరిగి మీ బండి కొక్కేనికే వస్తే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. రాపిడిలో కొంచెం పోతుంది. ఇంకో లాభం, తాడు ఎక్కువ వదలాల్సి వస్తుంది కాబట్టి డ్రమ్ము మీద పొరలు తగ్గి ఆ బలమూ కలిసొస్తుంది. ఒక్క జాగ్రత్త: వించ్ మీద పడేది మామూలే, చెట్టు మీదా బెల్టు మీదా పడే బరువు మాత్రం రెట్టింపు. అక్కడి షాకిల్ ఆ రెట్టింపు బరువుకు తగ్గని అంకె అచ్చు కొట్టింది ఉండాలి. హార్డ్‌వేర్ షాపులో అచ్చు లేకుండా తూకానికి అమ్మేది వద్దు.

తాడు తెగితే ఏమవుతుంది? చూసేవాళ్ళు ఎక్కడ నిలబడాలి?

ఊరి దగ్గర దిగబడితే పిల్లలతో సహా ముప్పై మంది చుట్టూ చేరతారు, సలహాలు వాళ్ళే ఇస్తారు. మొదట వాళ్ళను జరపండి. తాడు పొడవెంతో అంతకన్నా ఎక్కువ దూరంలో, పక్కకు. తాడు మీదుగా ఎవరూ దాటకూడదు. తాడు మధ్యలో బరువైన దుప్పటో తడిపిన గోనెసంచో వేయండి, తెగినా ఎగరకుండా కిందికి పడుతుంది. ఉక్కు తాడయితే బానెట్ లేపి ఉంచితే అద్దానికి అడ్డం. కొక్కెం ఫెయిర్‌లీడ్ దగ్గరికి వచ్చేటప్పుడు చేత్తో పట్టుకోకండి, దానికి కట్టిన చిన్న పట్టీ పట్టుకోండి. వేళ్ళు పోయేది అక్కడే.

ఆపకుండా ఎంతసేపు లాగొచ్చు?

గట్టి బరువు మీద ఒక నిమిషం, తర్వాత కొన్ని నిమిషాలు ఆపాలి. మోటరు ఒంటి మీద చేయి పెట్టండి, ఆనించి ఉంచలేకపోతే చల్లారేదాకా ఆగండి. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. ఒక ఏప్రిల్లో డిండి రిజర్వాయరు నీళ్ళు తగ్గి బయటపడిన ఒండ్రు మీదికి బండి దించాను. పైన పెచ్చు ఎండి పలకలు పలకలుగా పగిలి ఉంది, కింద పిండిలాంటి బురద. ఇరుసు దాకా కూర్చుంది. పొద్దు గూకుతోందన్న తొందరలో ఆపకుండా ఐదారు నిమిషాలు గుంజాను. బండి బయటికొచ్చింది, దాంతోపాటే కాలిన వార్నిష్ వాసన. బోరు మోటరు కాలినప్పుడు వచ్చే అదే వాసన. విప్పి చూస్తే మోటరు లోపల తిరిగే ఆర్మేచరు నల్లగా మాడి ఉంది. ఆ రోజు ఇంకో ఇరవై నిమిషాలు ఆగి ఉంటే నాకు పోయేది కాస్త వెలుతురు తప్ప ఏమీ లేదు.

దిగబడిన వడ్ల ట్రాలీని నా వించ్‌తో గుంజొచ్చా?

ఖాళీ చేయిస్తే గుంజొచ్చు. నిండు ట్రాలీ, ట్రాక్టరు కలిపి మీ బండికి మూడు నాలుగు రెట్లు. అది కదలదు, మీ బండే దాని వైపు జారుతుంది. మొహమాటానికి పోయి వించ్ పోగొట్టుకోకండి.

బోరు మోటరు పైకి తీయడానికి వాడొచ్చా?

ఇది అడగని రైతు లేడు. వద్దు. బండి వించ్ నేల మీద లాగడానికి చేసింది, దాని బ్రేకు వేలాడే బరువును నమ్మకంగా పట్టి ఉంచడానికి చేసింది కాదు. పైపులతో సహా మోటరు జారి బోరులో పడితే బోరే పోతుంది. మనిషిని బావిలోకి దించడం అన్న ఆలోచన కూడా చేయకండి.

నల్లమలలో వాడుకోవచ్చా?

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో దారి వదిలి బండి తిప్పడమే నేరం, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. అక్కడ వించ్ అవసరం పడిందంటే పోకూడని చోటికి పోయారన్నమాట.

## ఇంటికొచ్చాక

బురద పట్టింది. వాటర్ సర్వీసింగ్‌లో కొట్టిస్తే సరిపోతుందా?

ప్రెషరు నీళ్ళు సీళ్ళ లోపలికి బురదను తోస్తాయి. మామూలు పైపుతో కడగండి. సింథటిక్ తాడును మొత్తం విప్పి బకెట్టు నీళ్ళలో పిసికి, నీడలో ఆరబెట్టండి. నల్లరేగడి పోగుల మధ్య ఎండిపోతే లోపల్నుంచి ఉప్పు కాగితంలా కోస్తుంది. వించ్ నీళ్ళలో మునిగితే ఆరోజే బరువు లేకుండా రెండు నిమిషాలు నడపండి, ఆ వేడికి లోపలి తడి ఆరుతుంది.

గ్రీజు ఎక్కడ కొట్టాలి?

గేరు డబ్బాకు కంపెనీ గ్రీజే చాలా ఏళ్ళు సరిపోతుంది. బ్యాటరీ టెర్మినళ్ళకు, వైరు చివర్లకు వ్యాసలిన్ పూయండి. ఉక్కు తాడుకు కాలిన ఇంజనాయిల్ పూసే అలవాటు మన షెడ్లలో ఉంది, మానండి. చల్కల ఎర్ర దుమ్ము దానికి అంటుకుని సాన పట్టినట్టు అరగదీస్తుంది. పల్చటి నూనె గుడ్డకు అద్ది తుడిస్తే చాలు.

ఏడాదిగా వాడలేదు. ఏమైనా అవుతుందా?

మన దగ్గర వించ్‌లు గుంజి పాడయ్యేదానికన్నా కూర్చుని పాడయ్యేదే ఎక్కువ. మోటరు లోపలి బ్రషులు తుప్పుకు ఇరుక్కుంటాయి, డ్రమ్మును గేరు నుంచి విడదీసే క్లచ్ పిడి బిగుసుకుంటుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఒకసారి నా రిమోట్ ప్లగ్గు ఎంతకీ లోపలికి పోలేదు. టార్చి వేసి చూస్తే సాకెట్టులో కందిరీగ నున్నగా మట్టి గూడు కట్టి, లోపల ఒక సాలీడును దాచిపెట్టుకుంది. నెలకోసారి పది మీటర్ల తాడు వదిలి మళ్ళీ చుట్టండి. సాకెట్టుకు మూత పెట్టండి. సింథటిక్ తాడుంటే డ్రమ్ము మీద ఒక కాన్వాసు తొడుగు వేయండి.

తాడు ఎప్పుడు మార్చాలి?

ఉక్కు తాడు మెలిపడి మడత పడినా, పోగులు ఉబ్బి పక్షి పంజరంలా అయినా, ఒకచోట గుంపుగా పోగులు తెగినా ఇక నమ్మరాదు. సింథటిక్ పైపైన నూగు లేవడం మామూలే. కానీ ఒకచోట సన్నబడినా, కరిగి గాజులా గట్టిపడినా ఆ ముక్క కోసి అల్లించుకోవాలి. ముడి వేస్తే బలం సగం పోతుంది.

## మొరాయిస్తే

స్విచ్ నొక్కితే టక్కుమంటుంది, డ్రమ్ము తిరగదు.

ముందు బ్యాటరీ టెర్మినళ్ళు చేత్తో కదిపి చూడండి, సగం కేసులు అక్కడే తేలతాయి. తర్వాత మల్టీమీటరు పట్టి స్విచ్ నొక్కండి. బ్యాటరీ 10 వోల్టుల కిందికి పడితే దానిదే తప్పు. బ్యాటరీ బాగుండి, కంటాక్టరుకు కరెంటు వచ్చి అవతలికి పోకపోతే పాయింట్లు కాలాయి.

లోపలికి చుడుతుంది, బయటికి వదలడం లేదు.

కంటాక్టరులో ఒకవైపు పోయింది, లేదా రిమోట్ బటను. రిమోట్ మార్చి చూస్తే తేలిపోతుంది. ఈలోగా క్లచ్ విడిచి చేత్తో తాడు లాగుకోవచ్చు, పని ఆగదు.

బరువు మీద ఆపితే తాడు జారుతోంది.

తాడు డ్రమ్ము కిందినుంచి వస్తోందో పైనుంచి వస్తోందో చూడండి. మొత్తం విప్పాక మళ్ళీ బటను నొక్కుతూ పోతే తాడు తిరగబడి చుట్టుకుంటుంది, అప్పుడు బ్రేకు పట్టదు. అది సరిగ్గానే ఉంటే బ్రేకు పళ్ళేలు అరిగాయి.

క్లచ్ పిడి తిరగడం లేదు.

తాడు మీద బిగువు ఉందేమో చూడండి. ఒక జానెడు బయటికి వదిలి, డ్రమ్మును చేత్తో అటూ ఇటూ ఆడిస్తూ పిడి తిప్పండి. దుమ్ము పట్టి ఉంటే కొంచెం నూనె వేసి రాత్రంతా వదిలేయండి. సుత్తి మాత్రం తీయకండి, ఆ పిడి లోపలుండేది చిన్న పిన్ను, అది విరిగితే గేరు డబ్బా మొత్తం విప్పాల్సిందే.